పొయ్యి మీద ఖాళీ గిన్నె

సేవ చెయ్యడమెలాగో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. సేవ చేయించుకోవడమెలాగో చెప్పే పుస్తకం మాత్రం ఇంతవరకూ రాలేదు. ఎవరైనా రాయదలిస్తే లైబ్రరీల చుట్టూ తిరగనక్కర్లేదు. బూన్ లే దాటి, ఫ్యాక్టరీ గోడల వెంబడి పోయి, బస్సులకంటే లారీలు ఎక్కువ తిరిగే రోడ్డు చివరనున్న కూలీల డార్మిటరీలో పెద్దిరాజు అనే మనిషిని కలిస్తే చాలు. ఆ విద్యలో అతన్ని మించినవాడు సింగపూర్ మొత్తమ్మీద లేడు.

పెద్దిరాజుది శ్రీకాకుళం జిల్లా. పుట్టింది సముద్రం ఒడ్డున, పెరిగింది వలల మధ్య. ఇక్కడికొచ్చి ఓడల మరమ్మతు యార్డులో పరంజాలు కడుతున్నాడు. అది అతని ఉద్యోగం. ఆదివారాల్లో అతని వృత్తి వేరే ఉంది. అది ఉపకారం పొందడం. బిస్కెట్ ప్యాకెట్లు పొందాడు. ఉచితంగా క్షవరం పొందాడు. కళ్లు బాగానే ఉన్నా కళ్ల పరీక్ష పొందాడు. ప్రైమరీ స్కూలు పిల్లలు రంగు పెన్సిళ్లతో గీసిన థాంక్యూ కార్డులు పొందాడు. ఓ సంవత్సరం ఒకదాని తర్వాత ఒకటిగా మూడు సంఘాలు వచ్చి గొడుగులిచ్చాయి. రెండు చేతులా ఇనప గొట్టం పట్టుకుని పరంజా మీద నిలబడేవాడు గొడుగు ఎలా పట్టుకోవాలో ఇచ్చినవాళ్లు చెప్పలేదు, ఇతనూ అడగలేదు. అడగకపోవడమే ఆ విద్యలో మొదటి పాఠం. రోజూ లారీ వెనక చెక్క మీద కూర్చుని పనికి పోయే ఈ మనిషికి ఓ సీటూ, ఓ బెల్టూ బహూకరించాలని మాత్రం ఇంతవరకూ ఏ సంఘానికీ తట్టలేదు. అది ఫొటోలో అంత బాగా రాదు కాబోలు.

వేలమంది ఉండే డార్మిటరీలో ప్రతిసారీ ఇతన్నే ఎందుకు ఎంచుతారంటే, కారణం అతని పలువరస. పెద్దిరాజు నవ్వితే కెమెరా పట్టుకున్నవాడు కూడా నవ్వుతాడు. పైగా "థాంక్యూ, వెరీ హ్యాపీ, గాడ్ బ్లెస్" అనే మూడు ముక్కలు తడబడకుండా అనగలడు. డార్మిటరీ మేనేజర్ అతన్ని "బ్రదర్ రాజు" అని పిలుస్తాడు. మిగతావాళ్లను గది నంబరుతో పిలుస్తాడు.

నిజం చెప్పాలంటే పెద్దిరాజుకీ ఈ వృత్తి మీద కొంత మోజుండేది. ఆ ఫొటోలు ఊళ్లో ఉన్న భార్య కల్పనకు పంపేవాడు. ఆమె వీధిలో అందరికీ చూపించి, "మా ఆయనకి సింగపూర్ దొరసానులు దగ్గరుండి వడ్డిస్తన్నారు" అని చెప్పుకునేది. ఆమె సంబరం చెడగొట్టడం ఇష్టంలేక, ఆ దొరసానులు మళ్లీ కనపడరని అతను చెప్పలేదు.

అలాంటివాడు ఓ ఆదివారం నవ్వడం మానేశాడు. ఎందుకు మానేశాడో తెలియాలంటే ముందు వెంకటసుబ్బయ్య సంగతి తెలియాలి.

వెంకటసుబ్బయ్య నెల్లూరువాడు, అదే యార్డులో వెల్డరు, పెద్దిరాజుకంటే పదేళ్లు పెద్ద. తొమ్మిదేళ్లుగా ఇద్దరిదీ ఒకటే గిన్నె. ఒకటే గిన్నె అంటే, పొయ్యి పంచుకుని, బియ్యం పంచుకుని, కలిసి వండుకు తినడం. వండుకోవడం అన్న మాట మర్యాదకు. వండేది ఎప్పుడూ వెంకటసుబ్బయ్యే. పెద్దిరాజు ఉల్లిపాయలు కోస్తాడు, గిన్నెలు తోముతాడు, తిట్లు తింటాడు. గరిటె మాత్రం అతని చేతికి రాదు. "మీ సిక్కోలోళ్లకి చేపను పట్టడం వొచ్చు గానీ వొండడం రాదురా అబ్బయా. దాన్ని సముద్రంలోంచి తీసి మళ్లీ నీళ్లలోనే ముంచుతారు" అనేది ఆయన స్థిరాభిప్రాయం. పెద్దిరాజుకు జ్వరమొచ్చినా, ఆయనకే జ్వరమొచ్చినా గరిటె ఆయనదే.

ఫిబ్రవరి ఆఖర్లో కంపెనీవాళ్లు వెంకటసుబ్బయ్యను పిలిచి, ఇక ఆయన అవసరం లేదని చెప్పారు. వర్క్ పర్మిట్ మళ్లీ రాయించరు. ఆదివారం సాయంత్రం విమానం. మూడింటికి కంపెనీ వ్యాను వచ్చి ఎయిర్‌పోర్టులో దింపుతుంది. ఇన్నేళ్ల వెల్డింగు పనికి వీడ్కోలు సభ అంటే ఆ వ్యానే.

ఆ రాత్రి పెద్దిరాజు అన్నాడు: "మావా, ఆదివారం నువ్వు కూకో. నాను వండతాను. మా పులుసు కాదు, మీ నెల్లూరు పులుసే."

"పొయ్యేటప్పుడు కడుపు చెడగొట్టి పంపిస్తావా?" అన్నాడు వెంకటసుబ్బయ్య. మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. తర్వాత అన్నాడు: "సరే గానీ, పొద్దున్నే వొండాల. పులుసు ఊరాల. ఊరని పులుసూ, చేపలు కడిగిన నీళ్లూ ఒకటే."

తొమ్మిదేళ్లలో ఆ మనిషి ఒక్కపూట కూడా చేతులు కట్టుకుని కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తే తినలేదు. ఆ ఒక్క పూట ఆయనకు పెట్టాలి. పెద్దిరాజుకు ఆ ఆదివారం వేరే ఏ పనీ లేదు. ఉండకూడదనుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం మేనేజర్ పిలిపించి, వేరే పని ఉందని చెప్పాడు. పేరున్న ఓ యూనివర్సిటీ పిల్లలు సెమిస్టరు మధ్య వారం సెలవుల్లో మతసామరస్య సేవాయాత్ర చేస్తున్నారట. సోమవారం మసీదు, మంగళవారం గుడి, బుధవారం గురుద్వారా, ఇలా రోజుకో దేవుణ్ని చూసుకుంటూ, చివరిరోజు సేవకోసం ఇక్కడికొస్తున్నారట. సేవ ఆదివారమే ఎందుకంటే మిగతా రోజుల్లో కూలీలు పనిలో ఉంటారు. కూలీలకున్నది ఆ ఒక్క రోజే కాబట్టి, దాన్ని వాళ్లకు సేవ చెయ్యడానికి తీసుకోవడం సబబే కదా. మతానికొక కూలీ కావాలి. హిందువుల తరపున పెద్దిరాజు.

ఆదివారం కుదరదు సార్ అని గొణిగాడు పెద్దిరాజు. ఆదివారం ఏం పని, సెలవు కదా అని ఆశ్చర్యపోయాడు మేనేజర్.

ఇక్కడ వంటగది గురించి ఓ మాట చెప్పుకోవాలి. అది పొడుగాటి రేకుల షెడ్డు. రెండు వరసల గ్యాసు పొయ్యిలు. ఆదివారం వండుకునేవాళ్లు వందల్లో, పొయ్యిలు పదుల్లో. అయినా అక్కడ గొడవ పడగా ఎవరూ చూడలేదు. ఎందుకంటే దానికో చట్టముంది. పొయ్యి మీద నీ గిన్నె పెట్టి వెళితే ఆ పొయ్యి నీది. గిన్నె ఖాళీగా ఉన్నా సరే, నువ్వు గంట తర్వాత వచ్చినా సరే. దాని వెనక ఇంకో గిన్నె నేలమీద ఉంటే అది నీ తర్వాతివాడిది. గిన్నె ఉన్నచోట మనిషి ఉన్నట్టే. బంగ్లాదేశ్‌వాళ్లు, తమిళులు, బర్మావాళ్లు, చైనావాళ్లు, ఒకరి మాట ఒకరికి అర్థంకాని వాళ్లంతా ఈ ఒక్క చట్టం మాత్రం పాటిస్తారు. దాన్ని ఎవరూ గోడమీద రాసిపెట్టలేదు. బహుశా అందుకే పాటిస్తున్నారు.

ఆదివారం తెల్లారగానే పెద్దిరాజు బూన్ లే మార్కెట్‌కు పోయి వంజరం చేప తెచ్చాడు. ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, ఐసు డబ్బాలో వేసి తమ మంచం కింద పెట్టాడు. తన గిన్నె పొయ్యిమీద పెట్టి, అందులోనే చింతపండు నానేశాడు. నూరిన మసాలా, కోసిన మామిడికాయ ముక్కలు పక్కన పళ్లెంలో సర్దాడు. గ్యాసు వెలిగించబోతుంటే మేనేజర్ మనిషి వచ్చి రిహార్సలుకు రమ్మన్నాడు. గుండ్రంగా ఎలా కూర్చోవాలో రిహార్సలు. అరగంటే కదా అనుకుని పెద్దిరాజు వెళ్లాడు. గిన్నె ఉంది, పొయ్యి ఎక్కడికీ పోదు.

పిల్లలు ఏసీ బస్సులో వచ్చారు. అందరికీ ఒకే రంగు టీషర్టు, దానిమీద చేతులు కలుపుకున్న బొమ్మ. నాయకుడు ఆకాష్ అనే కుర్రవాడు. తాతల కాలం నుంచి ఇక్కడే స్థిరపడిన కుటుంబం, మాటలన్నీ ఇంగ్లీషే. ఈ వారంలో తామెంత నేర్చుకున్నారో చెప్పాడు. ఇంకా చెప్పాడు. కూలీ అన్నలే నిజమైన గురువులని చెప్పి, గురువులను నేలమీద కూర్చోమన్నాడు.

గురువుల ఎంపికలో చిన్న ఇబ్బంది వచ్చింది. ముస్లింల తరపున బంగ్లాదేశ్ షఫీకుల్ దొరికాడు. బౌద్ధుల తరపున బర్మా అతను దొరికాడు. క్రైస్తవుడు దొరకలేదు. ఆదివారం పూట క్రైస్తవులంతా చర్చికి పోయారు. మతసామరస్య కార్యక్రమానికి ఆదివారం పొద్దుట ముహూర్తం పెట్టినవాళ్లకు ఈ సంగతి తోచలేదు. మేనేజర్ చుట్టూ చూసి, ఖాళీగా కనపడ్డ తమిళ కూలీ మురుగన్‌ను ఓ గంట క్రైస్తవుడిగా కూర్చోమన్నాడు. మురుగన్ అనే క్రైస్తవుణ్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్లు అప్పటికి వారం రోజులుగా మతాలు చదువుతున్నారు.

పెద్దిరాజు పక్కన కీర్తిక అనే తెలుగమ్మాయిని కూర్చోబెట్టారు. బుకిట్ పంజాంగ్‌లో ఉంటుంది. తండ్రి జనార్దనరావు బ్యాంకులో కంప్యూటర్ల ఉద్యోగి. ఇలాంటివి రెజ్యూమేలో ఉంటే బరువుంటుందని ఆయనే పంపాడు. పాపం ఆ పిల్ల వారం పొడుగునా హిందూమతం మొత్తాన్ని ఒక్కతే మోస్తోంది. మంగళవారం గుడిలో ప్రదక్షిణ ఎందుకు ఎడమనుంచి కుడికే చేస్తారని అడిగితే, వాళ్లమ్మకు వాట్సాప్ చేసి, అమ్మ తాతమ్మకు ఫోన్ చేసి, జవాబొచ్చేలోపు భోజనాలైపోయాయి.

"ఏ ఊరమ్మా మీది?" అనడిగాడు పెద్దిరాజు.

"బుకిట్ పంజాంగ్, అంకుల్."

"అది కాదమ్మా, అంతకు ముందు?"

"ముందు కూడా బుకిట్ పంజాంగే లా. బ్లాక్ మారాం అంతే." అంది, మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే "లా"తో సహా. తర్వాత అతని మొహం చూసి జాలిపడి, "మమ్మీ వాళ్లది వైజాగ్" అంది. పెద్దిరాజు ప్రాణం లేచొచ్చింది.

నీ విశ్వాసంలో నీకు స్ఫూర్తినిచ్చేది ఏమిటని ఆకాష్ అడిగించాడు. పెద్దిరాజు ఆలోచించి, వేటకెళ్లేముందు గంగమ్మకు కొబ్బరికాయ కొడతామని చెప్పాడు. కీర్తిక అనువదించింది. ఆకాష్ చాలా కదిలిపోయి, ఇది నదుల పరిరక్షణకు సంబంధించిన ప్రాచీన జ్ఞానమని అందరికీ వివరించాడు. తర్వాత భోజనం డబ్బాలు పంచారు. మతాల మనోభావాలు దెబ్బతినకుండా రంగురంగుల స్టిక్కర్లు అంటించారు. హిందువు స్టిక్కరున్న డబ్బాలో క్యాబేజీ అన్నం. పుట్టి బుద్ధెరిగాక చేప లేకుండా ముద్ద మింగని మనిషికి, హిందువు కాబట్టి, శాకాహారం.

అరగంట రెండు గంటలైంది. పెద్దిరాజు నవ్వుతూనే ఉన్నాడు గానీ కళ్లు షెడ్డువైపు పోతున్నాయి. ఎట్టకేలకు గుండ్రం విడిపోయింది. పరుగులాంటి నడకతో వంటగదికి పోయాడు.

పొయ్యిమీద అతని గిన్నె లేదు. పక్క పొయ్యిమీద షఫీకుల్ డేగిసా లేదు. ఆ వరసలో గానీ ఈ వరసలో గానీ ఒక్క గిన్నె లేదు. పొయ్యిలు తళతళా మెరుస్తున్నాయి. చివరన అరల్లో డార్మిటరీ గిన్నెలన్నీ చిన్నవాటి పక్కన చిన్నవి, పెద్దవాటి పక్కన పెద్దవి, తోమి బోర్లించి ఉన్నాయి.

పిల్లల్లో సగంమంది గుండ్రంలో కూర్చున్నప్పుడు, మిగతా సగం సేవ చేశారన్నమాట. చేతికి తొడుగులేసుకున్న ఓ అమ్మాయి చెమట తుడుచుకుంటూ, ఎవరో ఎన్నో మురికి గిన్నెలు వదిలేసిపోయారని, కొన్నిట్లో గోధుమరంగు నీళ్లు కూడా ఉన్నాయని, అన్నీ పారబోసి శుభ్రం చేశామని సంతోషంగా చెప్పింది. గోధుమరంగు నీళ్లంటే చింతపండు. మసాలా, మామిడి ముక్కలు నల్ల సంచిలో ఉన్నాయి. సంచి మూతి చక్కగా ముడేసి ఉంది.

ఈలోగా వండుకునేవాళ్లు ఒక్కొక్కరూ వచ్చారు. మూడో పొయ్యి నాదంటే నాదని ఇద్దరు. నీ వెనక నేనున్నానంటే నీ వెనక నేనున్నానని నలుగురు. అందరూ నిజమే చెబుతున్నారు, సాక్ష్యం చెప్పాల్సిన గిన్నెలు అరల్లో తలకిందులుగా ఉన్నాయి. ఇస్లాం అంటే శాంతి అని పది నిమిషాల క్రితం చెప్పిన షఫీకుల్, తాత్కాలిక క్రైస్తవుడు మురుగన్ కాలరు పట్టుకున్నాడు. ఆ వంటగది కట్టాక తొలి మతఘర్షణ అది. మతసామరస్య బృందం చలవ.

"చూశారా, అందుకే ఇలాంటి కార్యక్రమాలు అవసరం" అన్నాడు మేనేజర్ ఆకాష్‌తో. మళ్లీ గుండ్రంగా కూర్చుని భావాలు పంచుకుందామని ఆకాష్ ప్రతిపాదించాడు. ముందు గ్రూపు ఫొటో అయిపోనిమ్మని మేనేజర్ అన్నాడు. బస్సు వేచి ఉంది. "బ్రదర్ రాజు, కమ్, మధ్యలో నిలబడు. స్మైల్."

గుమ్మం దగ్గర వెంకటసుబ్బయ్య నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాస్‌పోర్టు సంచి మెడకు తగిలించుకుని, తిండికి పిలుస్తారని వచ్చాడు. తొమ్మిదేళ్లలో ఆ షెడ్డులోకి గరిటె లేకుండా రావడం ఆయనకదే మొదలు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

"నో ఫొటో" అన్నాడు పెద్దిరాజు.

మేనేజర్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, చాలా స్నేహంగా, నీ పర్మిట్ రెన్యూవల్ ఏ నెల బ్రదర్ అనడిగాడు. మే నెల. ఇద్దరికీ తెలుసు.  పరంజా మీద ఎంత ఎత్తున నిలబడ్డా రాని భయం పెద్దిరాజుకు ఈ చదును నేలమీద వచ్చింది. మళ్లీ గుమ్మంవైపు చూశాడు. కీర్తికవైపు తిరిగాడు.

"అమ్మా, ఈ మాట ఆళ్లకి సెప్పు. ఆ గిన్నె నాది. వదిలీనేదు, పెట్టుకున్నాను. మా వెంకటసుబ్బయ్య మావ మూడింటికెళ్లిపోతన్నాడు, మరి రాడు. ఆయనకి ఒక్క పూట వండి పెడదామని పెట్టుకున్నాను. నా పొయ్యి నాకిచ్చీదాకా నాను నవ్వను."

కీర్తిక తడబడి, "హి సేస్ హి ఈజ్ అ బిట్ శాడ్" అంది.

"శాడ్ కాదమ్మా, యాంగ్రీ. ఆ మాటే సెప్పు" అన్నాడు పెద్దిరాజు.

 కీర్తిక అరల్లో గిన్నెల్నీ, ఖాళీ పొయ్యిల్నీ మార్చి మార్చి చూసింది. ఏదో తట్టినట్టు మొహం ఎర్రబడింది.

"ఆకాష్, ఇది చోప్ లా" అంది. "హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే నువ్వు తీస్తావా? ఎవరైనా తీస్తే ఊరుకుంటావా? గిన్నె పెట్టి వీళ్లు పొయ్యి చోప్ చేసుకున్నారు. మనం వంద టేబుళ్ల మీద టిష్యూలు ఏరి చెత్తలో వేశాం."

అక్కడ పుట్టి పెరిగిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ అది తగలాల్సినచోట తగిలింది. సింగపూర్‌లో దేవుణ్ని నమ్మనివాళ్లుంటారు గానీ, ఏదో ఒకటి పెట్టి చోటు ఆపుకునే ఈ చోప్‌ను నమ్మనివాళ్లుండరు. తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో అరచేతంత కాగితం ప్యాకెట్ బల్లమీద ఉంటే, ఎండలో పళ్లెం పట్టుకుని అరగంట నిలబడతారే గానీ దాన్ని జరపరు. మరి కూలీ గిన్నె ఎందుకలా కనపడలేదంటే, కూలీకి కూడా ఓ వరసా, ఓ వంతూ ఉంటాయని ఎవరికీ తోచకపోవడం వల్ల. ఆకాష్ మాత్రం చివరి ప్రయత్నంగా, కానీ అవి గిన్నెలు కదా అన్నాడు. అతని బృందమే అతనివంక అదోలా చూసింది. ఫారిస్ అనే మలయ్ కుర్రవాడు మెల్లిగా, "బ్రో, మాకన్ ఈజ్ మాకన్" అన్నాడు. తిండి తిండే మరి.

అప్పుడు పెద్దిరాజుకు ఓ ఉపాయం తోచింది. "గిన్నెలు మీరే తీసీసినారు గదా. అయితే గిన్నెల జాగాలో మీరే నిలబడండి" అన్నాడు.

కీర్తిక ఇంగ్లీషులోకి మార్చినా మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక షఫీకుల్ మురుగన్ కాలరు వదిలి నవ్వాడు. వెళ్లి ఆకాష్ చెయ్యి పట్టుకుని, తీసుకొచ్చి, మూడో పొయ్యి ముందు నిలబెట్టాడు. ఆ తర్వాత మేనేజర్ ఎంత పిలిచినా ఆగలేదు. ఎవరికి దొరికిన విద్యార్థిని వాళ్లు పట్టుకుపోయి పొయ్యిల దగ్గర నిలబెట్టారు. ఇద్దరు ఒకే పొయ్యి కోరితే, ముందెవరో తర్వాతెవరో అక్కడ నిలబడ్డ విద్యార్థే గుర్తుపెట్టుకోవాలి. పొద్దున పరిచయాల్లో చెప్పిన పేర్లు ఒక్కటీ గుర్తులేని పిల్లలు ఇప్పుడు "షఫీకుల్, తర్వాత మోయిన్, తర్వాత సెల్వం" అని వల్లెవేస్తూ నిలబడ్డారు. పేర్లు మరిచిపోతే కూర మాడుతుంది. ఆ వారం మొత్తంలో వాళ్లు చేసిన సేవ అదొక్కటే, అదీ గిన్నెలుగా.

పెద్దిరాజు పొయ్యికి కీర్తిక కాపలా. అతను డార్మిటరీలోనే ఉన్న చిన్న కొట్టుకు పరుగెత్తి చింతపండు తెచ్చేలోపు, ఎవరో పెద్దమనిషి కుక్కరుతో వచ్చి ఆమెను పక్కకు తప్పుకోమన్నాడు. ఆ పిల్ల రెండు చేతులూ చాపి పొయ్యికి అడ్డం నిలబడి, "చోప్ ఆల్రెడీ, అంకుల్" అంది. తర్వాత చెప్పుకోవడానికి ఆమెకు ఆ వారంలో మిగిలిన ముక్క అదేనేమో.

మామిడికాయ దొరకలేదు. మసాలా కొట్టులోని పొడులతో సరిపెట్టాడు. వెంకటసుబ్బయ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని చూస్తున్నాడు. మెంతులు వేశావా అన్నాడు. నూనె సరిపోదన్నాడు. మంట తగ్గించమన్నాడు. చేపముక్కలు వేశాక గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పమన్నాడు. ఒకసారి లేవబోయాడు కూడా.

"నోరు మూసుకుని కూకో మావా. ఇయ్యాల నువ్వు చుట్టానివి" అన్నాడు పెద్దిరాజు.

పులుసు దిగేసరికి రెండు దాటింది. ఊరడానికి వ్యవధి లేదు. పొగలు కక్కే అన్నంలో పొగలు కక్కే పులుసు పోసి, పళ్లెం రెండు చేతులా అందించాడు. వెంకటసుబ్బయ్య కలుపుకున్నాడు. ఒక ముద్ద, రెండో ముద్ద. పెద్దిరాజు గరిటె పట్టుకుని, తీర్పు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఉప్పు తక్కువైందిరా" అన్నాడు వెంకటసుబ్బయ్య. "ఊరను గూడా ఊరలేదు." పళ్లెం ముందుకు చాపాడు. "ఇంకాస్త పొయ్యి."

మూడుసార్లు పోయించుకున్నాడు. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయని ఇస్త్రీ చొక్కా చేతితోనే తుడుచుకున్నాడు. ఇది కారమా, మా ఊళ్లో చంటిపిల్లల కూడు ఇంతకంటే కారంగా ఉంటుందని తొమ్మిదేళ్లుగా చెప్పిన మనిషి. 

వ్యాను హారన్ కొట్టింది. వెంకటసుబ్బయ్య చెయ్యి కడుక్కుని, గిన్నెలో మిగిలినదాన్ని వంగి చూశాడు. "దీన్ని ఇయ్యాల తినబాక. మూతపెట్టు. రేపటికి అది నా పులుసవుద్ది" అన్నాడు. జేబులోంచి ఏదో తీసిచ్చే మనిషి కాదు. తన గరిటెవంక చూశాడు. అది పెద్దిరాజు చేతిలోనే ఉంది. అడగలేదు. వ్యానెక్కాడు.

ఫొటో సంగతంటారా, అది తియ్యనే తీశారు. పెద్దిరాజు మాట తప్పేవాడు కాదు, పొయ్యి దొరికింది కాబట్టి నవ్వడానికి సిద్ధంగానే ఉన్నాడు. కానీ అప్పటికి మేనేజర్ ఉపాయశాలి అయ్యాడు. పొయ్యికొకరు చొప్పున చెమటలు కక్కుతూ నిలబడ్డ విద్యార్థుల్ని వరసగా తీయించాడు. ఆ బొమ్మ యూనివర్సిటీ వెబ్‌సైటులో వచ్చింది. "వలస సోదరుల కోసం స్వయంగా వండుతున్న మన విద్యార్థులు" అని కింద రాశారు. ఆ రాతలో తప్పుందని కీర్తిక ఒక్కతే అభ్యంతరం చెప్పిందట. ఆ సూచనను ఎంతో విలువైనదిగా స్వీకరించి, అలాగే ఉంచేశారు. జనార్దనరావు దాన్ని తెలుగు సంఘం గ్రూపులో పెడితే యాభైమంది నమస్కారాలు పెట్టారు. పెద్దిరాజు పర్మిట్ సంగతి మే నెలలో తేలుతుంది. ఈ లోపల ఇంకో సంఘం గొడుగులు తెస్తున్నదని కబురు. మేనేజర్ ఈసారి బ్రదర్ రాజును పిలవలేదు. బర్మా అతని పలువరస పరీక్షిస్తున్నాడు.

సోమవారం సాయంత్రం పెద్దిరాజు లారీ దిగి, స్నానం చేసి, షెడ్డుకు వెళ్లాడు. మూతపెట్టిన గిన్నె పెట్టినచోటే ఉంది. వెచ్చబెట్టుకుని, అన్నంలో పోసుకుని, గోడకు ఆనుకుని ఒక్కడే తింటున్నాడు. ఫోన్ మోగింది. నెల్లూరు నుంచి.

"తిన్నావంట్రా?"

"తింటన్నాను."

"ఎట్టుంది?"

పెద్దిరాజు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, తొందరపడకుండా నమిలాడు.

"ఊరింది మావా" అన్నాడు. "ఉప్పు తక్కువే."

"జెప్పలా?" అన్నాడు వెంకటసుబ్బయ్య అవతలినుంచి, ఎంతో తృప్తిగా.